భయానకమునందు ప్రీతి

మా తరగతిలో నొక బాలుఁడు కలఁడు. లెక్కలలో మందుఁడు, వ్యాకరణములో నంతకంటె మందుఁడు. కాని గొజిరా యను జపానుదేశపు చలనచిత్ర మృగము 1954వ సంవత్సరపు చిత్రములో 50 మీటరుల యెత్తనియు, 1984వ సంవత్సరమున 80 మీటరుల కెదిగెననియు, 2016వ సంవత్సరమున 118న్నర మీటరు లయ్యెననియు తడువుకొనక చెప్పఁగలఁడు. వాని లెక్కల పుస్తకపు వెనుకటి పుటలన్నియు తోఁకలతోను కోఱలతోను నిండియున్నవి. తోడి యుపాధ్యాయులు వానిని మందలింపుఁడని మాతోఁ జెప్పిరి. మేమును మందలింపఁ దలఁచితిమి గాని, తప్పెట్టిదో యెఱుఁగక మందలించుట న్యాయము కాదని తోఁచి యా చిత్రములను కొన్నిటిని జూచితిమి. ఆ చూచుటకు మూఁడు మాసములు పట్టినది. మందలింపు నేఁటికిని మిగిలియే యున్నది.

ఇట్టి మృగములను జపానీయులు కైజూ లందురు. మనవారు గాడ్జిల్లా యని పిలుచునది వానిలో నగ్రగణ్యము. గొరిల్లాయొక్క పేరును, జపానుభాషలో తిమింగిలమునకుఁ గల కుజిరా యను పేరును గలిసి గొజిరా యైనది. దీని యభిమానులు పిల్లలు మాత్రమే కారు. అమెరికాలోని చికాగో ప్రాంతమున 1990వ దశకమునుండి యేఁటేఁట వీరు సమావేశ మగుచున్నారు. 1960వ దశకమున పిల్లలకై చేసిన మెత్తని వినైలు బొమ్మలను నేఁడు తలనెరసినవారు గొప్ప వెలలిచ్చి కొనుచున్నారు. ఏ తొడుగు ఏ సంవత్సరపు చిత్రమునకుఁ గుట్టఁబడినదో కనుబొమల వంపునుబట్టి చెప్పఁగల పండితులు వీరిలోఁ గలరు. ఇంత పాండిత్యము మనలో శాసనపరిశోధకులకు మాత్రమే యున్నదని మేమింతవఱకు నమ్మియుంటిమి.

వీరిని పరిహసించువారి వాద మొక్కటే: తోలుతొడుగు తొడిగికొన్న మనుష్యుఁడు బొమ్మరిండ్లను ద్రొక్కుటయే గదా యని. అవును, అంతియే. మృగమును కొంచెము కొంచెముగఁ గదల్చుచు చిత్రము తీయుటకు కాలము చాలక త్సుబురాయ ఐజీ యను శిల్పి తొడుగు మార్గము నవలంబించెను. నకజిమా హరువో యను నటుఁడు సుమారు నూఱు కిలోల బరువుగల యా తొడుగులో దూఱి, నిప్పువలె మండు దీపముల నడుమ నడచెను. నడక నేర్చుటకై వేనో జంతుప్రదర్శనశాలకుఁ బోయి యేనుఁగుల యడుగులను జూచెను. మృగముయొక్క యఱపు సంగీతకారుఁడగు ఇఫుకుబె అకిర యూహ: పెద్ద వాయులీనముయొక్క తంత్రిని వదులుచేసి రాల పూసిన తోలు చేతొడుగుతో రాచిన పుట్టిన ధ్వని యది. ఇది మోసమని నవ్వువారు మెలట్టూరు భాగవతమేళమునకుఁ బోయి చూతురుగాక. అచ్చట నరసింహుని ముఖమునకుఁ బూజ సలిపిన పిమ్మటనే దానిని ధరింతురు. అది కొయ్యముఖ మని సభలో నెవ్వరెఱుఁగరు? ఎఱిఁగియు స్తంభము పగులు వేళ గుండె యదరును. నాటకమునకుఁ గావలసినది మృగము గాదు, మృగమునకుఁ దగిన భయము.

ఆ భయ మెక్కడనుండి వచ్చినదో చెప్పవలసియున్నది. 1954వ సంవత్సరము మార్చి 1వ తేదీని అమెరికావారు పసిఫిక్ సముద్రములోని బికినీ దీవులలో హైడ్రొజన్ బాంబు నొకదానిని బరీక్షించిరి. నిషిద్ధమని ప్రకటించిన ప్రదేశమునకు వెలుపల చేపలు పట్టుకొనుచున్న జపాను పడవ యొకటి, దైగో ఫుకుర్యూ మారు, ఆ తెల్లని బూడిదలోఁ దడిసినది. అందు 23 గురు పల్లెవారు గలరు. రేడియో పని చూచుచుండిన కుబొయామ ఐకిచి సెప్టెంబరు 23వ తేదీని మరణించెను. నవంబరు 3వ తేదీని గొజిరా చిత్రము వెలువడెను. దర్శకుఁడు హొండ ఇషిరో. ఇతఁడు యుద్ధమునుండి మరలి వచ్చునప్పుడు హిరోషిమా మీఁదుగా వచ్చినవాఁడు. చిత్ర మొక పడవ సముద్రముపై వెలుఁగులోఁ గాలిపోవుటతో నారంభ మగును. ఆ పడవ యేదో నాఁడు చూచినవారిలో నొక్కనికిని జెప్పనక్కఱ లేకపోయెను. నగరము కాలుచుండఁగా నొక తల్లి బిడ్డలను గౌఁగిలించుకొని, తండ్రియొద్దకుఁ ద్వరలోఁ బోవుదుమని యోదార్చును. తరువాత వైద్యశాలలో నొక పసిబిడ్డపై విషకిరణములను గొలుచు యంత్రము నుంతురు. వైద్యుఁడు మాటాడక తల యూఁచును. ఈ రెండు ఘట్టములలోను మృగము కనఁబడదు. ఈ చిత్రమును సుమారు 96 లక్షలమంది చూచిరి.

మేము సంస్కృతమునఁ గొంచెము చదివికొన్నవారము గావున నొక మాట చెప్పక తప్పదు. భరతుఁడు భయానకమును ఎనిమిది రసములలో నొకటిగ నెన్నెను. కాని దాని స్థాయిభావమగు భయము స్త్రీలకును నీచప్రకృతులకును జెందినదని వ్రాసెను. బాల్యమున గురువులయొద్ద వల్లించునపుడు మాకీ వాక్యమున దోష మేమియుఁ గనఁబడలేదు. ఇప్పుడు కనఁబడుచున్నది. ఆ 1954వ సంవత్సరముననే తోక్యో నగరములోని సుగినామి పేటలో, విషము సోఁకిన చేపలను గొన జంకిన గృహిణులును, చేపలమ్ముడుపోక దిగులుపడిన బేరగాండ్రును గలిసి, యీ బాంబులు వలదని యింటింటికిఁ దిరిగి సంతకములు సేకరింప మొదలిడిరి. వంటయింటి చేపతో మొదలైన యా పని దేశమంతట వ్యాపించి, మఱుసటి యేడు ఆగస్టునాఁటికి సంతకములు మూఁడుకోట్లు మించినవి. వీరు భయపడినవారే. భయపడిరి గనుకనే కదలిరి. భయము నీచమని నేర్పిన విద్య పురుషుల నెన్ని యుద్ధములకుఁ బంపినదో లెక్కింపఁ బూనుట వృథాశ్రమ. గొజిరా చిత్రమును, సుగినామి సంతకములును ఒక యేఁటి బిడ్డలు. ఒక్క భయమునకే పుట్టినవి.

ఇఁక మా యసలు ప్రశ్న. ప్రేమించినదానికి మనుష్యుఁడు భయపడునా? అభిమానము పెరిగినకొలఁది యా మృగము మచ్చిక యయ్యెను. 1962వ సంవత్సరమున కింగ్‌కాంగుతో మల్లయుద్ధము చేసెను. ఆ చిత్రమునకు ప్రేక్షకులు కోటికిఁ బైఁబడిరి. 1964వ సంవత్సరాంతమున మూఁడుతలల ఘిదోరానుండి భూమిని రక్షించుటకుఁ బూనుకొనెను. 1967వ సంవత్సరమున కుమారుఁడు కలిగెను. ఇంతలో దైయె సంస్థవారు 1965వ సంవత్సరమున గమెరా యను నెగురు తాఁబేటిని బుట్టించి, దానిని పిల్లల మిత్రునిగఁ జేసిరి. ఎవ్వరు గెలుతురని యభిమానులు పందెములు వేయుచుండిరి. కోడిపందెముల ఫలమేమో పలనాటి కథ విన్నవారికి మేము చెప్పనేల? చంపఁబడిన పల్లెవాని జ్ఞాపకార్థ మన్నట్లు పుట్టిన మృగము పదియేండ్లకు పిల్లల పక్కలో బొమ్మ యయ్యెను. దీనిని మఱపు అనక మఱేమందుము?

మేము మొదట నట్లే తీర్పు వ్రాసికొంటిమి. ఆ తీర్పును జెఱిపినది 1969వ సంవత్సరము డిసెంబరులో వెలువడిన యొక చిన్న చిత్రము. అభిమానులలోఁ బెక్కుర కిది మిక్కిలి యసహ్యమైనది. పూర్వచిత్రములలోని యుద్ధములనే కత్తిరించి యతికినారని వారి కోపము. ఆ కోపము న్యాయమే. కాని కథ యెవరిది? కవసకి నగరములోఁ గర్మాగారముల పొగ నడుమ ఇచిరో యను బాలుఁడు కలఁడు. తండ్రియుఁ దల్లియుఁ బనికిఁ బోవుదురు; బాలుఁడు తాళముచెవితోఁ దలుపు దెఱచుకొని యొంటిగ నుండును. వీథిలో నొక పెద్దపిల్లవాఁడు బాధించును. పొరుగున బొమ్మలు చేయు వృద్ధుఁడొక్కఁడే వీనితో మాటాడును. నిద్రపోయినపుడు బాలుఁడు మృగముల దీవికిఁ బోవును. గొజిరా కుమారుఁడు వానితో మనుష్యభాషలో మాటాడును. ఆ దీవిలోఁ గూడ నొక క్రూరమృగము చిన్నదానిని బాధించుచుండును. గొజిరా తన బిడ్డను తానే పోరాడుమని వెనుకనుండి త్రోయును. మేలుకొన్న తరువాత బాలుఁడు తన్నపహరించిన దొంగలనుండి యుపాయముతోఁ దప్పించుకొని, వీథిబాలుని నెదిరించును.

ఇది గొజిరాను గూర్చిన చిత్రము గాదు. గొజిరా యభిమానిని గూర్చిన చిత్రము. తీసినవాఁడు మఱియెవ్వఁడో కాఁడు, ఆ హొండ ఇషిరోయే. తన మృగము పిల్లల చేతిలో బొమ్మ యగుట చూచి కోపింపక, యా పిల్లవాని కా బొమ్మ యేల కావలసివచ్చెనని యాతఁ డడిగెను. పాత యుద్ధములను మరలఁ జూపుటకు ధనాభావమే కారణము కావచ్చును. అయినను బాలుఁడు తాను సినిమాలోఁ జూచినదానినే గదా కలలోఁ గనును! మృగమింకను భయంకరమే, కాని యొంటిబాలుని భయము బాంబు గాదు, ఖాళీ యిల్లు. దీనిని జూచిన రాత్రి మా తరగతిలోని బాలుఁడు సాయంకాలము లెవ్వరియొద్ద గడపునో మాకుఁ దెలియదని జ్ఞాపకము వచ్చినది.

అభిమానులు మఱచిరనుట కూడ సంపూర్ణసత్యము గాదు. 1956వ సంవత్సరమున నమెరికావారు మొదటి చిత్రమును గోసి, రేమండ్ బర్ అను తమ నటుని నడుమ నిఱికించి, అణుపరీక్షలను గూర్చిన మాటలను జాలవఱకుఁ దగ్గించి ప్రదర్శించిరి. అచ్చటి జనులు యాఁబదేండ్లు దానినే గొజిరా యని తలఁచిరి. మూలచిత్రము వేఱొకటి గలదని చిన్నపత్రికలలో వ్రాయుచు వచ్చినవారు విద్వాంసులకంటె ముందుగ నీ బొమ్మల పిచ్చివారే. 2004వ సంవత్సరమున మూలచిత్ర మా దేశపు శాలలలోఁ బ్రదర్శితమైనపుడు గంభీరులగు విమర్శకులు దానిని గ్రొత్తగఁ గనుఁగొనిరి. తాటియాకు పుస్తకమును విద్వాంసుఁడు పరిష్కరించి ప్రకటించువఱకుఁ జెదలు పట్టకుండ నటుకపైఁ గాపాడిన యింటివారి ఋణ మెవ్వరు వ్రాయుదురు?

మఱియు నభిమానులు కొందఱు కర్తలైరి. అన్నొ హిదెఅకి విద్యార్థిదశలోఁ దోడివారితోఁ గలిసి, తాను ప్రేమించిన అల్ట్రామాన్ కథను గుడ్డలు, అట్టలు చేర్చి స్వయముగఁ జిత్రించి, మనుష్యముఖముతోనే తానా వీరుఁడై నిలిచినవాఁడు. 2016వ సంవత్సరమున నతఁడు హిగుచి షింజీతోఁ గలిసి తీసిన గొజిరా చిత్రములో మంత్రు లొక గదినుండి మఱియొక గదికి సమావేశములకై పోవుచుండఁగనే మృగము తీర మెక్కును. 2011వ సంవత్సరపు భూకంపమును, ఫుకుషిమా యణుకేంద్రపు విపత్తును జూచినవారి కది నవ్వులాట కాదు. 2023వ సంవత్సరమున యమజాకి తకాషి తీసిన చిత్రము మఱియు నొక మెట్టు ముందునకుఁ బోయినది. సుమారు 35 గురు మాత్రమే కూడి చేసిన దృశ్యకల్పనకుగాను దానికి 2024వ సంవత్సరమున ఆస్కార్ బహుమానము వచ్చెనని యందఱు నెఱుఁగుదురు. మేము మెచ్చినది వేఱు. 1954వ సంవత్సరపు కథలో సెరిజావ యను శాస్త్రజ్ఞుఁడు తన భయంకరాయుధముయొక్క రహస్యము లోకము పాలు గాకుండ తన వ్రాఁతలను గాల్చి, మృగముతోఁ గూడ సముద్రములోఁ జచ్చును. ఆ చావును మొదటి చిత్రము పూజించినది. అరువదితొమ్మిదేండ్ల తరువాతి చిత్రములో నాయకుఁడు చావుమని పంపఁబడి చావక మరలివచ్చి సిగ్గుతోఁ గుములు విమానికుఁడు. కడపట నతఁడు విమానమును మృగము నోట ఢీకొట్టి, తాను బయటికి దుమికి బ్రదుకును. దేశమునకై చచ్చుట గొప్ప యనిన కథకు, బ్రదుకుట తప్పు కాదని యొక యభిమాని యిచ్చిన ప్రత్యుత్తర మిది. దీనికంటె శ్రద్ధగల వ్యాఖ్యానమును మేము పెక్కు కావ్యములకుఁ జూడలేదు.

దోషములు లేవా? కలవు. బొమ్మల వర్తకము పిల్లల యాసను బిండుచున్నది. ఈ చిత్రములలోఁ బెక్కింట స్త్రీలకు వెఱవుతోఁ గేకవేయుటకంటె వేఱుపని తక్కువ. మోథ్రా యను దివ్యకీటపు కథయం దొకింత మేలు. దాని మూలమును 1961వ సంవత్సరమున ముగ్గురు ప్రసిద్ధ నవలాకారులు కలిసి వ్రాసిరి. మన నవలాకారు లట్టి పనికి దిగుదురా యని మే మడుగుట లేదు, కోపింతురు.

ఆ పడవ యింకను గలదు. తోక్యోలోని యుమెనొషిమా యను చెత్తదిబ్బపైఁ బడి చివికిపోవుచుండఁగా జనులు పోరాడి దానిని నిలిపిరి. 1976వ సంవత్సరమునుండి యచ్చటనే యొక ప్రదర్శనశాలలో నున్నది. షింజుకులో 2015వ సంవత్సరమున నొక మేడపై నిలిపిన గొజిరా తలను జూడఁబోవు యాత్రికులలో నిచ్చటికిఁ బోవువా రెందఱో! మొన్న మా బాలునికి దీని కథను జెప్పితిమి. వాఁడు తలవంచుకొని యంతయు విని, పడవ పొడ వెన్ని మీటరు లని యడిగెను. సుమారు 30 అని చెప్పితిమి. లెక్కల పుస్తకమును వెనుకకుఁ ద్రిప్పి, 50 మీటరుల గొజిరా పాదముల కడఁ గొలబద్ద యుంచి గీయ నారంభించెను. గంట కొట్టినను లేవలేదు.