మత్తడి దాకా నడవండి

పాకాల చెరువుకు మొదటిసారి మే నెలలో, మిట్టమధ్యాహ్నం పోయాను. కట్టెక్కి నాలుగు ఫొటోలు తీసుకుని, చెట్టు కింద పులిహోర తిని వచ్చేశాను. "ఏముందక్కడ, నీళ్లే కదా" అని ఇంట్లో చెప్పాను కూడా. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

ఇప్పుడు పోతే తెల్లారేసరికి కట్ట మీద ఉంటాను. ముందు కట్ట నడక, తర్వాత తూము, ఆపైన మత్తడి. అడవి చివరికి. కట్టతో మొదలుపెట్టడానికి కారణముంది. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 13వ శతాబ్దంలో, ఈ చెరువు కట్టినవాళ్లు రెండు గుట్టల మధ్య సందు వెతుక్కున్నారు. గుట్టలే సగం కట్ట అయిపోయాయి. మనుషులు పూడ్చాల్సింది ఆ సందు ఒక్కటే. కట్ట మీద నిలబడి అటు గుట్టనూ ఇటు గుట్టనూ చూస్తే తప్ప ఆ తెలివి కనబడదు. చెరువులోకి వాన నీళ్లు దిగివచ్చే వాలు మీదే ఈ అడవి: టేకు, నల్లమద్ది, తునికి. రాలిన ఆకు వానను పట్టి నిదానంగా వదులుతుంది, మట్టిని కొట్టుకుపోనివ్వదు. ఆ చెట్లు పోతే చెరువులో పూడిక పేరుకుంటుంది. అందుకే ఈ అభయారణ్యం వేరు, చెరువు వేరు అనుకోలేను.

లక్నవరం వేలాడే వంతెన మీద సెల్ఫీ దిగి వెనుదిరిగేవాళ్లను ఏమీ అనను. నేనూ దిగాను. కాకపోతే లక్నవరమూ కాకతీయుల చెరువే, దానికీ కట్టా తూమూ ఉన్నాయి. వాటి వైపు పోయేవాళ్లు మాత్రం తక్కువ.

మత్తడి మీదుగా పొర్లిన పాకాల నీళ్లు మున్నేరులో కలుస్తాయి. మున్నేరు ఖమ్మం మీదుగా పోయి కృష్ణలో పడుతుంది. 2024 సెప్టెంబరులో ఖమ్మం కాలనీల్లోకి వచ్చిన వరద ఈ మున్నేరుదే. ఆ వార్త చూసిన రోజు నాకు ముందు గుర్తొచ్చింది పాకాల మత్తడే.

ఈ దసరా దాటాక పోయి రండి. చెరువు నిండుగా ఉంటుంది, ఎండ తగ్గుతుంది. తిండి పొట్లాల చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక సంచి పట్టుకెళ్లండి. పిల్లలను మాత్రం నీళ్లలోకి దిగనివ్వకండి. మొసళ్లున్నాయి.