వేసవి కాయకు పుష్యమాసపు పని

చైత్రమాసంలో పందిరి కింద నిలబడి ఆనపకాయలు లెక్కపెట్టేవాళ్ళు "ఈ ఇంటావిడ చెయ్యి మంచిది" అంటారు. మంచిదే, కాదనను. అయితే ఆ చెయ్యి చెయ్యాల్సిన పనంతా చలికాలంలోనే అయిపోయి ఉంటుంది. మార్గశిరం మొదలు మాఘం దాకా విత్తనం ఎంచి, ఆరబెట్టి, పాదు తవ్వి, ఎరువు మాగబెట్టి, రాటలు పాతుకున్న ఇంట్లో వేసవిలో కూరకు కరువుండదు. ఎండలు ముదిరాక పొట్లం కొనుక్కొచ్చి, ఆ సాయంత్రమే గొయ్యి తీసి, మర్నాటి నుంచీ మొలక కోసం చూసేవాళ్ళ తీగకు పిందె పడేలోపే వడగాలి తగులుతుంది. పెరటి సేద్యంలో అసలు విద్య చలికాలపు విద్య. అది చేతికి వచ్చినవాళ్ళు చాలామటుకు ఆడవాళ్ళు, బడి మొహం చూడనివాళ్ళు, ఏ పుస్తకంలోనూ పేరెక్కనివాళ్ళు. వాళ్ళ పనితనం కంటే నాకు ఏ పట్టా ఎక్కువ కాదు.

ముందు విత్తనం సంగతి. తొలకరికి పెట్టి ఇంటి మీదికి పాకించిన ఆనప, బీర, గుమ్మడి తీగలు చలికాలానికి ముదురుతాయి. విత్తనానికి ఏ కాయ వదలాలో అప్పుడే తేల్చుకోవాలి. మా పెద్దమ్మ తొలి కాయను వదిలేది కాదు, కడకాపును అసలు లెక్కలోకి తీసుకునేది కాదు. తీగ మంచి ఊపులో ఉండగా, తెగులు సోకని తీగకు నిటారుగా దిగిన కాయను చూసి, దాని తొడిమకు పాత చీర పీలిక కట్టేది. ఆ పీలిక కనబడితే ఇంట్లో ఎవరూ కాయ మీద చెయ్యి వేసేవారు కాదు. అల్లుడొచ్చినా సరే, అది కూరలోకి రాదు. గోరు గుచ్చితే దిగనంత గట్టిపడి, పచ్చదనం పోయి పాలిపోయాక, తొడిమ పొడవుగా ఉంచి కోసి, పొయ్యి పైన దూలానికి వేలాడదీసేది. పొగ తగిలే చోట పురుగు చేరదు. చెవి దగ్గర పెట్టి ఊపితే గింజలు గలగలమనాలి. అప్పటిదాకా పగలగొట్టేది కాదు.

బీరకాయ తీగ మీదే ఎండి పీచయ్యాక కొసనున్న మూత దానంతటదే ఊడిపోతుంది. కింద చేట పట్టి తడితే నల్లటి గింజలు జలజల రాలతాయి. వంకాయనైతే చెట్టు మీదే పసుపుపచ్చగా పండనిచ్చి, నీళ్ళలో పిసకాలి. తేలినవి తాలు, మునిగినవి విత్తనం. టమాటా గుజ్జును రెండు రోజులు పులియనిస్తే గింజ చుట్టూ ఉన్న జిగురు విడిపోతుంది. మొలకను ఆపేది ఆ జిగురే. దోస గింజలను బూడిదలో పొర్లించి ఆరబెట్టేవాళ్ళున్నారు, పేడలో అద్ది గోడకు పిడక కొట్టేవాళ్ళున్నారు. అదనుకు పిడక చిదిపి గింజలు తీసుకునేవారు. డబ్బా లేదు, మూత లేదు, ఖర్చు లేదు. ఎంత తెలివి!

చలికాలపు ఎండ లేతది, గాలి పొడిది. విత్తనం ఆరడానికి ఏడాది మొత్తంలో ఇంతకంటే మంచి రోజులు దొరకవు. మొదట నీడన, తర్వాత పొద్దుటి ఎండలో. మిట్టమధ్యాహ్నం రేకు మీద పోస్తే లోపలి మొలక మాడిపోతుంది. హారింగ్టన్ అనే విత్తన శాస్త్రజ్ఞుడు ఒక లెక్క కట్టాడు: గింజలో తేమ 1 శాతం తగ్గితే దాని నిల్వ ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది, దాచిన చోట వేడి 5 డిగ్రీలు తగ్గినా అంతే. ఆ లెక్క తెలియని మా పెద్దమ్మ ఆనప గింజను రెండు వేళ్ళ మధ్య పట్టి వంచేది. వంగితే మళ్ళీ ఎండకు. పుటుక్కున విరిగితే వేపాకు, బూడిద వేసి కుండలోకి. తేమ కొలిచే యంత్రం చెప్పాల్సిందీ అదే కదా!

ఇక జాతి చెడకుండా చూడటం. గొప్పవాళ్ళెవరో, మామూలువాళ్ళెవరో ఇక్కడే తెలిసిపోతుంది. ఆనప, గుమ్మడి పక్కపక్కనే పాకినా భయం లేదు, ఒకదానితో ఒకటి కలవవు. బీర, నేతిబీర దగ్గరగా ఉంటే కలిసే ప్రమాదముంది. కూరదోస, బుడమకాయ, కర్బూజా ఒకే జాతి. తేనెటీగ ఒక పూవు మీంచి ఇంకో పూవు మీదికి వెళ్ళిందంటే మరుసటేడు ఏ కాయ దిగుతుందో ఎవరూ చెప్పలేరు. దీనికి మందు దారం ముక్క. రేపు విచ్చుకోబోయే ఆడమొగ్గకు (దాని అడుగున బుల్లి పిందె ఉంటుంది, పోల్చుకోవడం తేలిక), అదే రకం మగమొగ్గకు వదులుగా దారం చుట్టి ఉంచాలి. విచ్చుకునే వేళకు ముడి విప్పి, మగపూవు రేకలు తుంచి, పుప్పొడిని ఆడపూవుకు అద్ది, మళ్ళీ కట్టేయాలి. గుమ్మడి తెల్లవారుజామున విచ్చుకుంటుంది, ఆనప, బీర సాయంత్రం. కాబట్టి విత్తనం కట్టేవాళ్ళకు పొద్దున చలి తప్పదు, సాయంత్రం దోమలు తప్పవు. ధనుర్మాసంలో గొబ్బెమ్మల మీదికి గుమ్మడిపూలు కోసే పిల్లలకు మా పెద్దమ్మ ముందే చెప్పేది: "పిందె ఉన్న పూవు ముట్టుకోకండమ్మా, బోడి పూలే కోయండి." ముగ్గుకు ముగ్గూ నిండేది, పాదుకు పాదూ కాసేది.

పాదు సంగతి త్వరగా చెప్తాను, రైతుబిడ్డలకు తెలిసిందే. మోకాలి లోతున, అంతే వెడల్పున సంక్రాంతికి ముందే గొయ్యి తీసి, ఎండకు, మంచుకు వదిలేయాలి. పైమట్టి ఒక పక్క, లోపలి మట్టి ఒక పక్క. తర్వాత పైమట్టిలో బాగా మాగిన దిబ్బ ఎరువు, కాస్త వేపపిండి కలిపి నింపి, తడిపి, వేడి చల్లారనివ్వాలి. పచ్చి పేడ వేస్తే చెదలను, వేరుపురుగును పిలిచి కూర్చోబెట్టినట్టే. లోపలి మట్టిని పారబోయకండి. ఆ లోపలి మట్టినే ఎరువుగా వాడి పంట తీసిన అల్వాల్ రైతు చింతల వెంకటరెడ్డికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మట్టిని అంత శ్రద్ధగా చదివిన మనిషి మన మధ్యే ఉన్నాడంటే నాకు ఛాతీ ఉప్పొంగుతుంది. రాటలు కూడా గింజ పెట్టకముందే పాతాలి. తీగ పాకాక గునపం దింపితే వేరు తెగుతుంది.

మాఘం వస్తుంది గానీ రాత్రిళ్ళు చలి ఇంకా వదలదు. తీగజాతి గింజకు 20 డిగ్రీలైనా వెచ్చదనం లేకపోతే నేలలో ముడుచుకుని కుళ్ళిపోతుంది. అందుకే రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, గడ్డిలోనో దిబ్బ ఎరువులోనో పాతిపెట్టేవారు. మూడు నాలుగు రోజులకు మూట విప్పితే తెల్లటి మొలక ముక్కులు కనిపిస్తాయి. ముక్కు విరగకుండా పాదుకు నాలుగు పెట్టి, తర్వాత బలమైన రెండు మొక్కలు ఉంచుకుంటారు. మా వైపు రథసప్తమి దాటనిచ్చేవారు కాదు. చిక్కుడుకాయల రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టే పండగ కదా, ఆ పూటే ఎండిన చిక్కుడుకాయలు కూడా విత్తనానికి ఏరేవారు.

ఈ విద్యను ఊరేగించిన ఊళ్ళు కూడా ఉన్నాయి. జహీరాబాద్ ప్రాంతంలో 1983లో మొదలైన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఏటా సంక్రాంతి రోజుల్లో పాత పంటల జాతర మొదలుపెడతారు. అలంకరించిన ఎడ్లబండ్ల మీద విత్తనాల బుట్టలు ఊరూరూ తిరుగుతాయి. ఎక్కువగా జొన్న, సామ, కొర్ర, పప్పుల గింజలు. మట్టి, పేడ అలికిన బుట్టల్లో బూడిద, వేపాకు వేసి దాచే ఆ పద్ధతి చూస్తే మన పెరటి గింజ కూడా ఎలా బతకాలో తెలుస్తుంది. ఆ సంఘాలకు 2019లో ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. వాళ్ళ వెంట నిలిచిన పి.వి. సతీష్ 2023లో కన్నుమూశారు. మహారాష్ట్రలో అకోలే దగ్గర రాహీబాయి పోపెరే ఎన్నో చిక్కుడు రకాలను పెరట్లోనే బతికించి 2020 ఏటి పద్మశ్రీ అందుకున్నారు. నా దృష్టిలో ఆమె ఇల్లు ఒక విశ్వవిద్యాలయం.

మరి మన ఊళ్ళలో ఏం జరుగుతోంది? గులాబీ రంగు మందు పూసిన గింజలు పొట్లానికి పాతికో యాభయ్యో. సంకర విత్తనం మొదటేడు బ్రహ్మాండంగా కాస్తుంది. దాని గింజ దాచి పెడితే మరుసటేడు ఒక్కో తీగ ఒక్కో తీరు, తల్లి పోలిక ఉండదు. అంటే ఏటేటా చెయ్యి చాచాల్సిందే. ఇది తెలిసి, పెద్ద కాపు కావాలని కొనేవాళ్ళతో నాకు పేచీ లేదు. నా కోపమంతా "నాటు" అని అచ్చువేసి ఆ సంకరపు కాయల గింజనే అమ్మేవాళ్ళ మీద. ఒక నర్సరీలో నాటు బీర అని ఇచ్చిన పొట్లంలోని గింజల్ని మా వీధిలో నలుగురం పంచుకున్నాం. నలుగురి పందిళ్ళ మీదా నాలుగు రకాల కాయలు దిగాయి, ఒకటి నోట పెట్టలేనంత చేదు. ఆనప, బీర జాతుల్లో చేదు అంటే మాటలు కాదు, అది విషం. చేదు ఆనపకాయ రసం తాగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఆ పొట్లం మీద విత్తనం కట్టిన మనిషి పేరు లేదు, ఊరు లేదు. అడిగితే చెప్పే నాథుడు లేడు.

ఇప్పుడు కొత్తగా పెట్టెల్లో పెట్టి అమ్ముతున్నారు: కొబ్బరిపొట్టు ఇటుక, నల్లమట్టి సంచి, అయిదు రకాల గింజలు, "పదిహేను నిమిషాల్లో తోట" అన్న చీటీ. తోట పదిహేను నిమిషాల్లో రాదండీ! మిద్దె తోట పెంచేవాళ్ళను ఈ మాట అనడం లేదు. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి మిద్దె మీద మట్టి మోసి, ఎన్నో ఇళ్ళకు ఆ దారి చూపించారు. మట్టి కలుపుకుని, ఎరువు మాగబెట్టుకుని, గింజ దాచుకునే మిద్దెతోటవాళ్ళు నా లెక్కలో పెద్దమ్మల వారసులే. పరిశోధన కేంద్రాలు ఇచ్చిన అర్కా బహార్ ఆనప, భాగ్యమతి, గులాబి వంగ కూడా నాకు మనవే. సంకరాలు కావు కాబట్టి వాటి గింజ దాచుకుంటే మళ్ళీ అవే వస్తాయి. నేను నిలబడేది దాచుకోనిచ్చే గింజ పక్షాన.

గింజ దాచడం, పంచుకోవడం, మార్చుకోవడం, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవడం రైతు హక్కు అని 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టమే చెబుతోంది. లేనిదల్లా చోటు. 1999లో మొదలైన రైతుబజార్లు ఇప్పుడు చాలా పట్టణాల్లో ఉన్నాయి. పుష్యమాసంలో ఒక్క వారం, ఒక్కో బజారులో ఒక్క కొట్టు విత్తనం కట్టినవాళ్ళకు వదలమని అడుగుతున్నాను. ఎండిన ఆనపకాయలు, బీర పీచులు, బూడిద పూసిన దోస గింజలు తెచ్చుకుని కూర్చోనివ్వండి. ఏ ఊళ్ళో, ఏ తీగకు, ఎవరు కట్టారో చీటీ మీద రాయించండి. కొనేవాళ్ళు ఆ పెద్దవాళ్ళ ఎదురుగా కూర్చుని, గింజను వేళ్ళ మధ్య వంచి విరగడం చూసి, పాదు ఎప్పుడు పెట్టాలో అడిగి మరీ తీసుకుంటారు. అధికారులు కదలకపోతే కాలనీ సంఘాలు చెయ్యొచ్చు, గుళ్ళో రథసప్తమి నాడు చెయ్యొచ్చు. ఈ చలికాలం మీ తీగ మీద ఒక్క మంచి కాయకు పీలిక కట్టి ఉంచండి, ఆ రోజుకు తెచ్చుకోవడానికి.