వినలేదనడానికి వీల్లేకుండా

పంచాయతీ ఆఫీసు గోడకు అతికించిన భూసేకరణ నోటీసును ఎవరూ ఇష్టపడి చదవరు. తమ సర్వే నంబరు ఉందా అని వేలు పెట్టి వెతుకుతారు. లేకపోతే హమ్మయ్య అనుకుని వెళ్లిపోతారు, ఉంటే ఆ వేలు అక్కడే ఆగిపోతుంది. నా మటుకు నాకు అది పనితనం తెలిసినవాళ్లు కట్టిన రచన. భాష మొరటు. ఒక్కో వాక్యం అరపేజీ సాగుతుంది, క్రియాపదం ఎక్కడో చివర దొరుకుతుంది. అయినా అందులో ఊరికే పడిన మాటంటూ ఉండదు. ప్రతి మాటా రేపు కోర్టులో ఎవరో అడగబోయే ప్రశ్నకు ఇవాళే రాసిపెట్టిన జవాబు.

చిలమత్తూరులో ఈ కాగితం గురించి ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. అనంతపురం కరువు నేలకు దక్షిణపు అంచు ఇది, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. వానను నమ్ముకుని శెనక్కాయ వేసుకునే ఎర్రమట్టి. 44వ నంబరు జాతీయ రహదారి మీద కొడికొండ చెక్‌పోస్టు దాటితే కర్ణాటక, బాగేపల్లి; ఇంకా పోతే బెంగళూరు. ఆ దారి వల్లే ఈ నేల మీద అందరి కన్నూ పడింది. లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో దాదాపు 8,800 ఎకరాలు చేతులు మారిన కాలం నుంచీ డి.పట్టా, అవార్డు, నోటిఫికేషన్ అనే మాటలు ఇక్కడి రచ్చబండ మాటలే.

2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న భూసేకరణ చట్టం, 11వ సెక్షన్ కింద ఇచ్చే తొలి నోటిఫికేషన్‌ను అయిదు చోట్ల ప్రకటించమంటుంది: గెజిట్‌లో, రెండు దినపత్రికల్లో (వాటిలో ఒకటి ప్రాంతీయ భాషది కావాలి), స్థానిక భాషలో పంచాయతీలోనూ, కలెక్టరు, సబ్ డివిజన్, తహసీల్దారు ఆఫీసుల్లోనూ, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, ఆపైన ఆ భూములున్న చోట. ఈ వరుసలో ఒక తెలివి ఉంది. గెజిట్ ప్రభుత్వం తనకు తాను చెప్పుకునేది. పత్రిక చదువుకున్నవాడికి. పంచాయతీ బోర్డు ఊరికి. పొలం దగ్గరి ప్రకటన పొలం తప్ప ఇంకేమీ పట్టనివాడికి. ఒక జల్లెడలోంచి జారినవాణ్ని తర్వాతి జల్లెడ పట్టుకోవాలి.

అన్నిటికన్నా సన్నని జల్లెడ ఊళ్లోదే. గెజిట్‌లో అచ్చయింది కదా, ఊళ్లో చెప్పకపోతే ఏమైందని ప్రభుత్వాలు వాదించి చూశాయి. రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక కేసులో 1966లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. స్థానికంగా తెలియజేయడం తప్పనిసరి, అది జరగకపోతే సేకరణే చెల్లదంది. పాత 1894 చట్టానికి 1984లో చేసిన సవరణ ఇంకో మెలిక వేసింది. గెజిట్, పత్రికలు, ఊరు, ఈ మూడింటిలో ఏది ఆఖరున జరిగితే ఆ తేదీయే ప్రకటన తేదీ. అంటే ఢిల్లీలోనో హైదరాబాదులోనో సంతకమైన కాగితానికి ఊళ్లో గోడకు మైదా పిండి పూసే మనిషి దాకా వస్తేగానీ ప్రాణం రాకపోవచ్చు.

ఆ తేదీ చిన్న విషయం కాదు. ఇప్పటి చట్టంలోనూ పొలం మార్కెట్ విలువను నోటిఫికేషన్ తేదీ నాటికే కడతారు. ఆ రోజు నుంచి ఆ పొలం అమ్మడానికీ కొనడానికీ ఉండదు. అభ్యంతరం రాసివ్వడానికి 60 రోజుల గడువూ అప్పుడే మొదలవుతుంది.

అసలు పనితనం షెడ్యూలులో ఉంది. పైన ఎన్ని సెక్షన్లు రాసినా, రైతు చదివేది కింద గళ్లు గీసిన ఆ పట్టికనే. సర్వే నంబరు, దాని సబ్ డివిజన్, హక్కు ఎలాంటిది, మెట్టా మాగాణా, ఎంత విస్తీర్ణం, ఎవరిది, నాలుగు దిక్కుల హద్దులు, చెట్లు ఏ రకానివి ఎన్ని, కట్టడాలు ఏమిటి. ఒక్కో గడీ ఒక తగవుకు ముందే వేసిన గడియ. పేరు ఒక్కటే చాలదు. హిందూపురం వైపు నారాయణప్పలూ ఆంజినప్పలూ ఊరికి పదిమంది. అందుకే తండ్రి పేరు. తండ్రి పేరూ చాలదు, పట్టా ఇంకా చనిపోయిన తాత పేరు మీదే ఉండొచ్చు. అందుకే సర్వే నంబరు. నంబరులో ఒక అంకె తారుమారైతే వేరేవాడి పొలం పోతుంది, అందుకే హద్దులు. తూర్పున వంక, పడమర ఫలానావారి పొలం, ఉత్తరాన బండిదారి అని రాశాక అంకె తప్పినా నేల తప్పదు. చెట్ల గడి చూసి నవ్వుకునేవాళ్లుంటారు గానీ, ఈ కరువు సీమలో కాయకాచిన చింతచెట్టు లెక్కలోకి ఎక్కకపోతే ఎంత నష్టమో దాన్ని పెంచినవాడికి తెలుసు.

1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యేదాకా ఈ హద్దులన్నీ ఒక మనిషి బుర్రలో ఉండేవి. ఆయన పెత్తనం పోవడం మంచిదే. కానీ షెడ్యూలు రాసేవాడు అడంగల్‌నూ, పొలం కొలతల పుస్తకం (ఎఫ్.ఎం.బి.) పటాన్నీ, పొలం గట్టునూ కలిపి చూసి రాశాడో, ఆఫీసులో కూర్చుని దించేశాడో ఒక్క హద్దుల గడి చూస్తే తెలిసిపోతుంది. 1992లో మధ్యప్రదేశ్ గృహనిర్మాణ మండలి కేసులో, భూమి ఎక్కడో ప్రయోజనం ఏమిటో సరిగా చెప్పని నోటిఫికేషన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. బద్ధకంగా రాస్తే మొత్తం పనే పోతుంది.

ఇలా రాయడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పక్కనే లేపాక్షి వీరభద్రాలయం గోడల మీద 16వ శతాబ్దపు దానాలు చెక్కి ఉన్నాయి, ఎక్కువగా కన్నడంలో. ఎప్పుడు, ఎవరు, ఎవరికి, ఏ నేల అని నలుగురూ చూసే చోట చెప్పడమే అక్కడా పని. దాన శాసనాలు మాట తప్పినవాడికి పాపాన్ని చూపించి భయపెట్టేవి, ఈ నోటీసులు సెక్షన్లు చూపిస్తాయి. ఏది బాగా పనిచేసిందో నేను చెప్పలేను.

గోడ మీది రాత చదవలేనివాడి కోసం చాటింపు. తప్పెట కొట్టేవాడికి ఊరి వేళలు తెలియాలి. పగలు కొడితే మగవాళ్లూ ఆడవాళ్లూ చేలల్లో ఉంటారు. దీపాలు పెట్టే వేళకు మొదలుపెట్టాలి. ప్రతి వీధి మొదట్లో ఆగాలి, కాలనీ వదలకూడదు, తండా వదలకూడదు. అరపేజీ వాక్యాన్ని మూడు ముక్కలు చేసి ఎవరి భూములు, ఎందుకు, ఎప్పటిలోగా అని అరవాలి. గుమాస్తా చేయలేని సంపాదకత్వం అక్కడ జరుగుతుంది. దండోరా వేసిన కులాలకు ఆ పని వెట్టిగా అంటగట్టారన్నదీ, చాటే భూముల్లో వాళ్ల వాటా ఎప్పుడూ తక్కువేనన్నదీ ఈ మెచ్చుకోలులో మరచిపోకూడదు. చాటింపు అయ్యాక, అయిందని ఊరివాళ్ల సంతకాలతో, వేలిముద్రలతో ఒక కాగితం. తెలిపినట్టు మళ్లీ తెలపడం. ఫైలులో అన్నిటికన్నా నలిగేది అదే.

అయితే కరువు ఊళ్లలో ఈ ఏర్పాటుకు ఒక కంత ఉంది. వానలు మొహం చాటేసిన ఏడు సగం ఇళ్లకు తాళాలే. మనుషులు బెంగళూరులో కాంక్రీటు మోస్తుంటారు. తప్పెట చప్పుడు అంతదూరం పోదు. 60 రోజులు మాత్రం అక్కడ ఉన్నవాడికీ ఇక్కడ ఉన్నవాడికీ ఒకేలా గడుస్తాయి. ఇప్పుడా ఖాళీని పూరిస్తున్నది చట్టం కాదు, ఊళ్లో మిగిలిన తమ్ముడి ఫోను. వాడు నోటీసంతా ఫొటో తీయడు, తమ వరుస ఒక్కటే దగ్గరగా తీసి పంపుతాడు. నంబరు, విస్తీర్ణం, తాత పేరు, నాలుగు హద్దులు ఆ ఒక్క వరుసలోనే ఉంటాయి గనక అన్నకు అది చాలు. చెట్ల గడి ఫొటోలో తెగిపోతే మాత్రం, మళ్లీ తీసి పంపరా అని ఫోను చేస్తాడు.