మెడ తిప్పి చూసే కుర్రాడు

2016 జూన్ 29న ఎడ్మంటన్ ఆయిలర్స్ జట్టు పేరుమోసిన ఫార్వర్డ్ టేలర్ హాల్‌ను న్యూజెర్సీ డెవిల్స్‌కు ఇచ్చేసి, బదులుగా ఆడమ్ లార్సన్ అనే 23 ఏళ్ల డిఫెన్స్ ఆటగాణ్ణి తెచ్చుకుంది. ఒకరికి ఒకరు, అంతే. అభిమానులు నెత్తీనోరూ బాదుకున్నారు. రెండేళ్లు తిరక్కుండానే హాల్ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు. లార్సన్ తీసిపారేయదగ్గవాడేం కాదు. కానీ ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్‌లో, వయసులో ఉన్న డిఫెన్స్ ఆటగాడి కోసం జట్లు ఎంతకు తెగిస్తాయో చెప్పడానికి ఆ బేరం చాలు.

ఎందుకంత గిరాకీ? మ్యాచ్‌లో మామూలుగా ఆరుగురు డిఫెన్స్‌వాళ్లు మూడు జోడీలుగా దిగుతారు. మొదటి జోడీ 60 నిమిషాల ఆటలో 25 నిమిషాల దాకా మంచు మీదే ఉంటుంది. ఫార్వర్డ్‌లకు అంత సేపు దక్కడం అరుదు. అందులోనూ కుడివాటంగా స్టిక్ పట్టేవాళ్లు తక్కువ కాబట్టి వాళ్ల ధర ఇంకో మెట్టు పైన. లార్సన్‌ది కుడివాటమే.

అనుభవమున్న స్కౌట్ గోల్స్ పట్టిక జోలికి వెంటనే పోడు. ముందు ఒక్క సన్నివేశం కోసం కాచుక్కూర్చుంటాడు. ప్రత్యర్థి పక్‌ను, అంటే ఆట బిళ్లను, మూలకు విసిరి వెంటపడతాడు. మనం చూడవచ్చిన డిఫెన్స్ కుర్రాడు ప్రత్యర్థికి వీపు పెట్టి వెనక్కి దూసుకెళ్లాలి. పక్ చేరేలోపు మెడ తిప్పి భుజం మీదుగా ఒకటి రెండుసార్లు చూశాడా? వచ్చేది ఒకడా ఇద్దరా, తనవాళ్లెక్కడున్నారన్నది ఆ చూపుల్లోనే తేలాలి. ఎడమకు ఒరిగినట్టు భుజం కదిపి, కుడికి తిరిగి, తోటివాడి స్టిక్ మీదికి సూటిగా పక్ అందించాడంటే స్కౌట్ నోట్‌బుక్‌లో అతని పేరు చేరుతుంది. అలా కాక, కళ్లన్నీ పక్ మీదే పెట్టి, దెబ్బ తగులుతుందన్న కంగారులో గోడవారగా గట్టిగా బాదేస్తే అది పోయి ప్రత్యర్థి చేతిలో పడుతుంది. మూడు సెకన్ల వ్యవహారమిది. టీవీలో రీప్లే కూడా రాదు.

రెండోది దూరం. దాడికొచ్చేవాడికి ఎదురుగా వెనక్కి జారుతూ, స్టిక్ చాచితే అందేంత దూరంలో నిలవాలి. కబడ్డీలో కూతకొచ్చినవాడి ముందు నిలబడ్డట్టే, మరీ మీదికెళ్తే తప్పించుకుపోతాడు, మరీ తగ్గితే చోటు దొరుకుతుంది. భయస్తుడు తమ జోన్ మొదలయ్యే బ్లూలైన్‌ను దాటనిచ్చి ఆ తర్వాత ఆడతాడు. గట్టివాడు గీత దగ్గరే బేరం తేల్చేస్తాడు.

అంకెలు వద్దని కాదు. పవర్‌ప్లేలో, అంటే శిక్ష వల్ల ప్రత్యర్థికి ఆటగాడు తగ్గిన వేళ, వచ్చిన పాయింట్లు చూసి మోసపోవద్దనే నా మాట. ఎవరి పక్కన ఆడాడు, కోచ్ అతణ్ణి ఎక్కువగా రింక్‌లో ఏ వైపు ఫేసాఫ్‌లకు (పక్‌ను వదిలి ఆట మొదలెట్టేచోట్లకు) దింపాడు, అతను ఉన్నంతసేపూ షాట్లు ఎటు ఎక్కువ పడ్డాయన్నవి విడదీసి చూడకపోతే, ప్లస్-మైనస్ అంకె (అతను మంచు మీద ఉండగా జట్టు కొట్టిన, ఇచ్చిన గోల్స్ తేడా) గోలీ ప్రతిభను కూడా ఈ కుర్రాడి ఖాతాలో వేసేస్తుంది. ఎత్తు కూడా ఒక్కోసారి తికమకపెడుతుంది. ఆరడుగుల తొమ్మిదంగుళాల జ్డెనో చారాను న్యూయార్క్ ఐలాండర్స్ 2001లో అలెక్సీ యాషిన్ కోసం ఆటవాకు ఇచ్చేసింది, పైగా కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో రెండో పిక్ (రెండో వంతు) కూడా జోడించి మరీ. యాషిన్‌కు రాసిచ్చిన పదేళ్ల ఒప్పందాన్ని 2007లో డబ్బిచ్చి వదిలించుకున్నారు. చారా 2009లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడికిచ్చే నోరిస్ ట్రోఫీ గెలిచాడు, 2011లో బోస్టన్ కెప్టెన్‌గా లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తాడు.

కుర్రాణ్ణి ఎంత చూస్తామో, అమ్మేవాడి అవసరాన్నీ అంతే చూడాలి. ఈ సగం పనిని చాలామంది వదిలేస్తారు. 2016 జనవరిలో నాష్‌విల్ 21 ఏళ్ల సెత్ జోన్స్‌ను కొలంబస్‌కు ఇచ్చింది అతని ఆట నచ్చక కాదు. డిఫెన్స్‌లో వెబర్, యోసి లాంటివాళ్లు అప్పటికే ఉన్నారు, సెంటర్ స్థానంలోనే మనిషి కావాలి. అందుకే ర్యాన్ జోహాన్సెన్‌ను తెచ్చుకుంది. 2020లో జీతాల పరిమితితో ఇరుకున పడ్డ ఐలాండర్స్ డెవన్ టేవ్స్‌ను రెండంటే రెండు సెకండ్ రౌండ్ పిక్‌లకు కొలరాడోకు వదులుకుంది. 2022లో తోటి డిఫెన్స్ ఆటగాడు కేల్ మకార్ పక్కన ఆడి టేవ్స్ కప్ గెలిచాడు. చవకబేరమంటే అదీ.

ఇక ఓపిక. డిఫెన్స్‌వాడు రెండు మూడు వందల మ్యాచులు ఆడితేగానీ తేలడని హాకీవాళ్లు అంటుంటారు. 1995లో హార్ట్‌ఫర్డ్ నుంచి సెయింట్ లూయిస్‌కు 20 ఏళ్ల క్రిస్ ప్రాంగర్ వచ్చాడు. అతని కోసం ఇచ్చింది ఊరివాళ్ల ముద్దుబిడ్డ బ్రెండన్ షానహాన్‌ను. సొంత మైదానంలోనే కుర్రాణ్ణి హేళన చేశారు. కానీ 2000లో నోరిస్‌తోపాటు హార్ట్ కూడా అతనికే వచ్చింది. 1972లో బాబీ ఆర్ తర్వాత హార్ట్ అందుకున్న డిఫెన్స్ ఆటగాడు అతనే. మధ్యలో ఐదేళ్లు గడిచాయి.

అందుకే నా తీర్పు ఇది: వచ్చే జూన్‌కే కప్పు కావాలనుకునే జట్టు 20 ఏళ్ల డిఫెన్స్ కుర్రాడి జోలికి పోకూడదు. అతని కోసం ఇవ్వాల్సిన పిక్‌లతో 28 ఏళ్లవాణ్ణి తెచ్చుకోవడమే మేలు.