నేరేడు చెట్టు నుంచి రాగిసంకటి దాకా: ఆఫ్రికా వారసత్వాన్ని పిల్లలకు చెప్పడం

1919 అక్టోబరు ‘ది క్రైసిస్’ సంచికలో డబ్ల్యూ. ఇ. బి. డుబాయ్ ఒక పన్నెండేళ్ళ బాలిక ఉత్తరాన్ని ప్రస్తావించాడు. తన జాతి గురించి ఇంకా తెలుసుకోవాలని ఆమె కోరింది. తెల్లవాళ్ళు తనను ఎంత ద్వేషిస్తారో తానూ వాళ్ళను అంతగానూ, బహుశా అంతకు మించీ ద్వేషిస్తున్నానని కూడా రాసింది. ఆ వేసవిలోనే అమెరికా నగరాలలో నల్లవారిపై మూకదాడులు జరిగాయి. ‘క్రైసిస్’ ఏటా ఒక సంచికను పిల్లలకోసం వెలువరించేది. దాదాపు ప్రతి పిల్లల సంచికలోనూ ఏదో ఒక ఘోరాన్ని నమోదు చెయ్యక తప్పలేదని సంపాదకుడి బాధ. నిజం దాచడం వంచన అవుతుంది. అలాగని చెబితే పసిమనసుకు అందేది ద్వేషమే.

ఈ ఇరకాటంలోంచి పుట్టిన పత్రిక ‘ది బ్రౌనీస్ బుక్’. 1920 జనవరి నుంచి 1921 డిసెంబరు దాకా 24 సంచికలు వచ్చాయి. జెస్సీ ఫాసెట్ సాహిత్య సంపాదకత్వంలో కథలు, ఆటలు, జీవితచరిత్రలు, పిల్లల ఉత్తరాలు అందులో అచ్చయ్యాయి. హైస్కూలు దాటిన కొత్తలో లాంగ్‌స్టన్ హ్యూస్ రాసిన కవితలు వెలుగు చూసినదీ అక్కడే. పత్రిక రెండేళ్ళకే ఆగిపోయినా, అది ఎత్తుకున్న ప్రశ్న మాత్రం ఆగలేదు: తన పూర్వులను పాఠ్యపుస్తకాలు మనుషులుగా లెక్కించని చోట పెరిగే బిడ్డకు చరిత్రను ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలి?

దీనికి సూటిగా జవాబు వెతికినవాడు కార్టర్ జి. వుడ్‌సన్. బానిసత్వం నుంచి బయటపడ్డ తల్లిదండ్రులకు 1875లో పుట్టి, బొగ్గుగనుల్లో పనిచేసి, ఇరవయ్యేళ్ళ వయసులో హైస్కూలు మెట్టెక్కి, 1912లో హార్వర్డ్ నుంచి డాక్టరేటు పొందాడు. ఈ మధ్యలో 1903 నుంచి కొన్నేళ్ళు ఫిలిప్పీన్స్‌లో ఉపాధ్యాయుడుగా ఉన్నాడు. 1933లో ప్రచురించిన ‘ది మిస్-ఎడ్యుకేషన్ ఆఫ్ ది నీగ్రో’లో అక్కడి అనుభవం ఒకటి చెబుతాడు. బోధనాశాస్త్రంలో శిక్షణ పొందిన అమెరికన్ పంతుళ్ళు యాపిల్ చెట్టు ఎరగని పిల్లలచేత యాపిల్ చెట్టు పాటలు పాడించి విఫలమయ్యారు. బీమా వ్యాపారం నుంచి వచ్చిన ఒక మనిషి, ఏ శిక్షణా లేనివాడు, పాటలో యాపిల్ తీసేసి ‘లోంబోయ్’ చెట్టు పెట్టాడు. పిల్లలు రోజూ ఎక్కి ఊపే చెట్టు అది. పాట పట్టుబడింది. లోంబోయ్ అంటే మరేదో కాదు, తెలుగువారి నేరేడు.

వుడ్‌సన్ ఆలోచనకంతా కీలకం ఈ నేరేడు చెట్టే. 1926 ఫిబ్రవరిలో ఆయన ప్రారంభించిన ‘నీగ్రో చరిత్ర వారం’ (1976 నుంచి అది మాసమయింది) వెనుక ఉన్నది గొప్పవాళ్ళ పేర్ల జపం కాదు. నీగ్రో చరిత్ర అని వేరే గది కట్టడం తన ఉద్దేశం కాదనీ, చరిత్రలో నీగ్రో స్థానాన్ని చూపడమే కావాలనీ ఆయన స్పష్టం చేశాడు. 1928లో చిన్నపిల్లలకోసం ఆఫ్రికా జానపద కథలను, సామెతలను వాచకంగా కూర్చాడు. అయితే 1939 నాటికి ఆయనే ‘ఆఫ్రికన్ హీరోస్ అండ్ హీరోయిన్స్’ ప్రచురించాడు. కథలు, సామెతలు ఒకవైపు, వీరులు మరొకవైపు. ఈ రెండు దారులూ ఆయనలోనే ఉన్నాయి. తరువాతి కాలం రెండవదాన్నే ఎక్కువగా తొక్కింది.

అందుకు కారణం అర్థం కానిది కాదు. ఆఫ్రికాకు చరిత్రే లేదని పెద్ద పెద్ద పండితులు ప్రకటిస్తున్నప్పుడు రాజులనూ కోటలనూ చూపడం అవసరమైన జవాబే. కాని ఆ జవాబు ప్రశ్న వేసినవాడి కొలబద్దనే ఒప్పుకుంటుంది. మాలి చక్రవర్తి మన్సా మూసా 1324లో కైరోలో వెదజల్లిన బంగారం ప్రతి పిల్లల పుస్తకంలోనూ మెరుస్తుంది; ఆ యాత్రలో నడిచిన బానిసలు మాత్రం బొమ్మ అంచున కూడా కనిపించరు. దానికన్నా పెద్ద ప్రమాదం అబద్ధం. రక్తనిధుల ఏర్పాటులో అగ్రగామి అయిన డాక్టర్ చార్ల్స్ డ్రూ 1950లో కారు ప్రమాదానికి గురైతే, నల్లవాడన్న కారణంతో ఆసుపత్రి వైద్యం నిరాకరించిందనే కథ ఎన్నో తరగతి గదుల్లో వినిపించింది. అది నిజం కాదు. అక్కడి తెల్ల వైద్యులు ఆయనను బతికించడానికి ప్రయత్నించారని ఆయనతో ప్రయాణించిన నల్ల వైద్యులే చెప్పారు. అసలైన అన్యాయం వేరే ఉంది: రెడ్‌క్రాస్ మొదట నల్లవారి రక్తాన్ని తీసుకోలేదు, 1942లో తీసుకోవడం మొదలుపెట్టినా విడిగా ఉంచింది. రక్తానికి రంగు అంటగట్టడం శాస్త్రం కాదని డ్రూ చెబుతూనే ఉన్నాడు. ఇంత బలమైన నిజం చేతిలో ఉండగా కట్టుకథ ఎందుకు?

ఆఫ్రికా నాగరికతకు ఏమిచ్చిందన్న ప్రశ్నకు పదేళ్ళ పిల్లలకు చెప్పదగిన పాఠం, సింహాసనాలకు దూరంగా, బాస్టన్‌లో ఒక బానిస చేతిమీద ఉంది. పశ్చిమాఫ్రికా నుంచి తెచ్చిన ఆ మనిషిని 1706లో కాటన్ మాథర్ అనే మతాచార్యుడికి ఆయన చర్చివారు కానుకగా ఇచ్చారు. మాథర్ అతనికి బైబిల్లోని బానిస పేరు పెట్టాడు: ఒనేసిమస్. తల్లి పెట్టిన పేరు ఎక్కడా నమోదు కాలేదు. నీకు మశూచి వచ్చిందా అని యజమాని అడిగితే, వచ్చిందనీ రాలేదనీ కూడా చెప్పవచ్చన్నాడట. చేతిమీది మచ్చ చూపించి, తమ దేశంలో రోగి పొక్కులోని రసిని చర్మం గీరి అంటిస్తారనీ, దానితో జబ్బు తేలిగ్గా వచ్చి పోతుందనీ, మళ్ళీ రాదనీ వివరించాడు. మాథర్ నగరంలోని ఇతర ఆఫ్రికన్లను వాకబు చేశాడు. అందరిదీ ఒకే మాట. 1716లో లండన్ రాయల్ సొసైటీకి ఈ సంగతి రాశాడు.

1721లో బాస్టన్‌కు మశూచి వచ్చింది. సుమారు 11,000 జనాభాలో సగం మంది పడకెక్కారు. 840 మందికి పైగా చనిపోయారు. మాథర్ పిలుపు విన్న వైద్యుడు ఒక్కడే, జాబ్డియల్ బోయిల్స్టన్. జూన్ 26న తన ఆరేళ్ళ కొడుకుకూ, ఇంట్లోని ఒక బానిసకూ, అతని పసిబిడ్డకూ రసి ఎక్కించాడు. ఆ బానిసను ఎవరూ అడగలేదు; పిల్లలకు చెప్పేటప్పుడు ఈ వాక్యాన్ని వదలకూడదు. నగరంలో వైద్య పట్టా ఉన్న ఏకైక వ్యక్తి విలియం డగ్లస్ ఈ పనిని ఎద్దేవా చేశాడు, ఆఫ్రికన్ల సాక్ష్యం నమ్మదగినది కాదన్నాడు. మాథర్ ఇంట్లోకి ఎవరో బాంబు విసిరారు. చివరికి లెక్క తేలింది: రసి ఎక్కించుకున్న సుమారు 240 మందిలో ఆరుగురు, అంటే నూటికి రెండు మూడు, మామూలుగా జబ్బు సోకినవారిలో నూటికి పద్నాలుగు. ఈ రెండు గుంపులూ సమానమైనవి కావని ఈనాటి వైద్యులు అభ్యంతరం చెప్పవచ్చు, న్యాయమే. అయినా వైద్యం మంచిచెడులను అంకెలతో తూచిన తొలి సందర్భాలలో ఇదొకటి. జెన్నర్ గోమశూచి ప్రయోగానికి ఇంకా 75 ఏళ్ళుంది. చైనా, భారతదేశం, టర్కీలలో కూడా ఇటువంటి పద్ధతి ఉండేది కనుక ఇది ఆఫ్రికా ఒక్కదాని సొత్తు కాదు. ‘మొట్టమొదట’ అన్న మాట తీసేస్తే పాఠం ఏమీ తగ్గదు సరికదా, జ్ఞానం పట్టా లేని మనిషి ఒంటిమీద కూడా ఉంటుందని బిడ్డకు కనిపిస్తుంది.

అమెరికాలోని తెలుగు ఇళ్ళకు ఈ పాఠం పరాయిది కాదు. పౌరహక్కుల పోరాటం వేడిలోనే 1965 వలస చట్టం వచ్చింది. మెడికేర్ డబ్బు కావాలంటే వర్ణవివక్ష మానక తప్పదని 1966లో ఆసుపత్రులకు తెలిసివచ్చింది. ఆ తరువాత వచ్చిన తెలుగు వైద్యుల తొలి తరం పనిచేసిన వార్డులలో అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు, తెల్లవారి మంచం పక్కన నల్లవారి మంచం చేరి. అయినా ఫిబ్రవరిలో బళ్ళో పది పేర్లు వల్లెవేసి వచ్చిన బిడ్డకు, రాత్రి భోజనాల దగ్గర ఫలానా పేటవైపు వెళ్ళవద్దన్న హెచ్చరికే వినిపిస్తుంది. ఈ రెండూ ఒకే మనుషుల గురించి అని చెప్పేవారుండరు.

అదే భోజనం దగ్గర చెప్పదగిన నేరేడు చెట్టు ఉంది. కంచంలోని రాగిసంకటి ముద్ద తూర్పు ఆఫ్రికా ఎత్తుభూముల రైతులు అడవిగడ్డిని పంటగా మలచగా వచ్చింది. జొన్న సూడాన్ ప్రాంతంలో, సజ్జ సహారా దక్షిణపు అంచున, అలసందలు కూడా ఆఫ్రికాలోనే సేద్యానికి లొంగాయి. జొన్న, సజ్జ సుమారు 4,000 ఏళ్ళ క్రితమే భారతదేశం చేరాయి. పులుసులోని చింతకూ పుట్టిల్లు ఆఫ్రికాయే; ‘హిందూదేశపు ఖర్జూరం’ అనే అర్థంలో అరబ్బులు పెట్టిన పేరు లోకమంతా పాకి ఆ సంగతి మరుగున పడేసింది. ఈ పంటలను తీర్చినవారిలో ఒక్కరి పేరూ ఏ ఫిబ్రవరి జాబితాలోనూ ఉండదు. హైదరాబాదులో పెరిగిన తల్లికైతే మరొకటి కూడా ఉంది. మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే పేట పేరులో ఉన్నది చల్లటి గాలి యంత్రం కాదు, నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళం. వారి మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఆ వీధుల్లోనే ఉంటున్నారు.