మడమ లేచేటప్పుడు

శ్రీరామనవమికి మా పొన్నూరులో, మా వీధి ఆడపిల్లలు పదహారు మంది కోలాటం నేర్చుకుంటున్నారు. సాయంత్రం ఆరింటికి హార్మోనియంతో నేనూ వెళ్తాను.

పాట ఉన్నంతవరకూ ఇబ్బంది లేదు. గురువుగారు విజిల్ వేసి కోపు, అంటే ఆట తీరు, మార్చినప్పుడే నాకు పని. వరస విడి పిల్లలు కొత్త జోడీలు కుదుర్చుకునేదాకా వాళ్ల కాళ్ల కింద ఏదో ఒకటి అల్లుతూ ఉండాలి. మొదటి ఏడు ఇంట్లో గట్టిగా సాధన చేసిన వరసే వాయించాను, కళ్లు మెట్ల మీదే పెట్టుకుని. తలెత్తేసరికి కోలలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. చివరి పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. తప్పు నాదే.

"అమ్మాయ్, కాలు నేలమీద పడ్డాక వాయిస్తే ఆలస్యమైపోయినట్టే. మడమ లేచేటప్పుడు చూడు" అన్నారు గురువుగారు.

జెనీవాలో ఎమిల్ జాక్ డాల్‌క్రోజ్ అనే మాస్టారు చేసిందీ ఇలా అడుగులకు వాయించే పనే. 1892లో అక్కడి సంగీత కళాశాలలో హార్మనీ చెప్పడానికి చేరాడు. కాగితం మీద స్వరాలు చక్కగా రాసే విద్యార్థులకు లయ ఒంటబట్టలేదని గమనించి, వాళ్లను లేపి నడిపించాడు. తను పియానో దగ్గర కూర్చుని అప్పటికప్పుడు కల్పించి వాయించేవాడు, వాళ్లు నడిచేవారు, ఆగేవారు, గెంతేవారు.

పియానోలో సుత్తి తీగను తాకగానే నాదం పుట్టి, ఆ వెంటనే తగ్గిపోతూ ఉంటుంది, అచ్చం అడుగులాగే. హార్మోనియంలో తిత్తిలో గాలి ఉన్నంతసేపూ స్వరం సాగుతూనే ఉంటుంది. అందుకే నడకకు వాయించేటప్పుడు మెట్టు నొక్కడం కన్నా వేలు తీయడం మీదే నా ధ్యాసంతా. మామూలు నడకకు తకధిమి సరిపోతుంది, గెంతుకు తకిట. తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లను చూడండి: ఒంటికాలి మీద మూడు గెంతులు, రెండు కాళ్లతో దిగడం, ఓ క్షణం ఆగడం. ఐదు మాత్రలు! ఖండగతి నాకు అలా పట్టుబడింది.

పెన్‌డ్రైవ్‌లో పాట పెడితే చాలదా అంటారు కొందరు. చాలదు. జోడీ దొరక్క వెతుక్కునే పిల్ల కోసం ఆ పాట ఆగదు.

చివరి పిల్లది ఇప్పటికీ చిన్న అడుగే. మిగతావాళ్లు నాలుగు వేసేచోట ఆరు వేస్తుంది. ఆమె కోసం మధ్యలో రెండు చిన్న స్వరాలు జారుస్తున్నాను. తాళ్లను జడలా అల్లే జడకోపులో తాడు కిందుగా దూరి తిరిగేచోట మాత్రం ఇంకా తడబడుతోంది. ఇవాళ ఆ మలుపులో మధ్యమం మీద కాస్త ఆగి చూస్తాను.