అక్షింతలు పడ్డాక అరగంట

పెళ్లి జరిపించేవాళ్లకి అసలు పరీక్ష ముహూర్తం కాదు, ముహూర్తం దాటాక వచ్చే అరగంట. అక్షింతలు పడగానే, అప్పటిదాకా కుర్చీల్లో ఫోన్లు చూసుకుంటూ కూర్చున్న జనంలో సగం మంది ఒక్కసారిగా లేచి భోజనాల వైపు నడుస్తారు. ఆ కదలికను ముందుగా పసిగట్టేది పెళ్లికూతురి తండ్రి కాదు, ఆ సమయానికి ఆయనకు ఏమీ కనిపించదు. భోజనాల హాలు గుమ్మం దగ్గర నల్ల ప్యాంటు, నల్ల బూట్లతో నిలబడ్డ క్యాటరింగ్ కుర్రాడు పసిగడతాడు. గట్టిమేళం చెవిన పడితే చాలు, ప్లేట్ల దొంతరలు ముందుకు జరుపుతాడు, పాత్రల కింద బర్నర్లు వెలుగుతున్నాయో లేదో వంగి చూస్తాడు, తోటివాళ్లకు సైగ చేస్తాడు.

మన నగరాల్లో ఆ కుర్రాడు చాలాసార్లు ఏ డిగ్రీ కాలేజీ విద్యార్థో అయివుంటాడు. హాస్టళ్లలో దీన్ని ‘క్యాటరింగ్‌కి పోవడం’ అంటారు. సాయంత్రం వాట్సాప్ గ్రూపులో కబురు వస్తుంది: రేపు ఇంతమంది కావాలి, ఫలానా ఫంక్షన్ హాలు, నాలుగింటికల్లా ఉండాలి, గడ్డం గీసుకుని రావాలి. విద్యార్థులే ఎందుకంటే, కారణం పంచాంగంలో ఉంది. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లు ఉండవు. మాఘంలోనో శ్రావణంలోనో మంచి ముహూర్తం పడితే ఒకే రాత్రి ఊళ్లో ఏ హాలూ ఖాళీగా ఉండదు. ఇంత ఎగుడుదిగుడు పనికి ఏడాది పొడుగునా జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకోవడం ఏ క్యాటరర్‌కీ గిట్టుబాటు కాదు. పిలిచిన రోజు వచ్చి, మర్నాడు తన దారిన తాను పోయేవాడు కావాలి. మెస్ బిల్లు కట్టాల్సిన కుర్రాడికీ అదే సౌకర్యం.

వచ్చింది డబ్బుల కోసమే. కానీ కొందరికి అక్కడే కళ్లు తెరుచుకుంటాయి. ఏం చూసి తెరుచుకుంటాయో కాస్త దగ్గరగా చూడాలి.

బఫే బల్ల మనకు వంటకాల వరస. తెలిసినవాడి కంటికి అదొక దారి. ఎవరు ఎక్కడ ఎంతసేపు ఆగుతారన్నదే లెక్క. పులిహోర దగ్గర ఎవరూ ఆగరు, బిర్యానీ దగ్గర ఆగుతారు, ముక్క కోసం ఇంకాసేపు ఆగుతారు. అప్పటికప్పుడు దోసె పోసిచ్చే లైవ్ కౌంటర్ దగ్గర ఒక్కొక్కరూ నిమిషాల తరబడి నిలబడతారు. అందుకే దాన్ని హాలు చివరి మూలకు నెట్టేస్తారు, ఆ వరస వచ్చి అసలు వరసకు అడ్డం పడకుండా. మంచినీళ్లు కూరల పక్కన పెడితే తాగడానికి అక్కడే ఆగుతారు కాబట్టి దూరంగా పెడతారు. ఐస్‌క్రీమ్, కిళ్లీ బయటికెళ్లే దారిలో ఉంటే జనం వాళ్లంతట వాళ్లే బయటికి జరుగుతారు. గోడకు ఆనించిన బల్లను రెండడుగులు ముందుకు లాగి రెండు వైపులా వడ్డిస్తే ఒక వరస రెండవుతుంది. రెండడుగులే, పైసా ఖర్చు లేదు. ఆ ఆలోచన ఎవరికి వస్తుందన్నదే తేడా.

పాత్ర అడుగు కనపడకముందే దాన్ని మార్చేయాలి. మిగిలిన అడుగూబొడుగూ కొత్త పాత్రలో కుమ్మరించకూడదు. వండిన పదార్థం వడ్డించేదాకా 60 డిగ్రీలకు పైన వేడిగా ఉండాలని, బయట రెండు గంటలకు మించి ఉంచకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వడ్డించే కుర్రాళ్లను నడిపించే మంచి క్యాప్టెన్ ఆ సంస్థ పేరు వినకపోయినా ఆ నియమం తప్పడు. ఇక ప్లేటు లెక్క. బఫేలో బిల్లు చాలాచోట్ల ప్లేట్లనుబట్టే. ఒకాయన రెండోసారి కొత్త ప్లేటు తీసుకుంటే లెక్కలో ఇద్దరవుతారు, పెళ్లివారికీ క్యాటరర్‌కీ తెల్లవారుజామున గొడవ. దొంతర దగ్గర ఎవర్ని నిలబెట్టాలో, రాత్రి పొడుగునా ఎన్నిసార్లు లెక్కచూసి పెళ్లివారి మనిషి చేత సంతకం పెట్టించుకోవాలో నేర్చిన బీకామ్ కుర్రాడికి ఆడిటింగ్ పేపరు ఇక పుస్తకంలో పాఠంగా మిగలదు.

బంతి భోజనం ఇంకా కష్టం. అక్కడ జనం కూర్చునే ఉంటారు, వంటకాలు నడవాలి. విస్తరి కొస తినేవారికి ఎడమవైపు రావాలి. పచ్చడి, కూర, తీపి ముందు వెళ్లిపోవాలి, తర్వాత అన్నం, పప్పు, వెనకే నెయ్యి. నెయ్యి కుర్రాడు నాలుగు ఆకులు వెనకబడ్డాడంటే వరసంతా చేతులు కట్టుకుని కూర్చుంటుంది. మారు వడ్డనలో పనితనం మరీ సున్నితం. “ఇంకొంచెం వెయ్యనా బాబాయిగారూ?” అంటే ఆయన వద్దంటూ ఆకు మీద చెయ్యి అడ్డం పెడతారు. ఆ చెయ్యి ఆకుకు ఎంత పైన ఉందో చూసి మొహమాటమో, నిజంగానే చాలో తేల్చుకోవాలి. ఏ మేనేజ్‌మెంట్ కోర్సులోనూ ఈ పాఠం ఉందనుకోను. పెద్ద హోటళ్లలో ఎంతో శిక్షణ పొందినవాళ్లలో కూడా నాకిది అరుదుగానే కనిపించింది.

ఇలా కొన్నాళ్లు పనిచేసిన కుర్రాడు ప్రశ్నలు మొదలెడతాడు. జనరేటర్‌ను అంత దూరంగా ఎందుకు పెట్టారన్నా? పూలవాళ్లు రాత్రే ఎందుకొచ్చారు? నాదస్వరం వాళ్లకు టిఫిన్ ముందే ఎందుకు పెట్టేశారు? ఒక్కొక్క జవాబూ వింటున్నకొద్దీ అతనికి పెళ్లి ముహూర్తం నుంచి వెనక్కి పేర్చిన కాలంలా కనబడుతుంది. సినిమా విడుదలైనా వాయిదా పడుతుంది గానీ లగ్నం వాయిదా పడదు. ఆ కదలని గీత నుంచి వెనక్కి లెక్కపెట్టి, పురోహితుడి సామగ్రి నుంచి కారు పార్కింగ్ దాకా ఎవరు ఎన్నింటికి రావాలో కాగితం మీద పెట్టడమే ఈవెంట్ ప్లానింగ్. పూలు, లైట్లు ఫొటోలో కనబడేవి. కాగితం కనబడదు. బ్యాంకు పరీక్షలకో గ్రూప్స్‌కో చదువుకుందామని వచ్చినవాడు ఆ కాగితం రాసేవాడు కావాలనుకోవడం ఇక్కడే మొదలవుతుంది. ముందు పదిమంది కుర్రాళ్లను తెచ్చే సప్లయర్ అవుతాడు, తర్వాత క్యాప్టెన్. టెంట్ హౌస్, పూలు, సౌండు వాళ్ల ఫోన్ నంబర్లన్నీ చేతికొచ్చాక చిన్న బారసాలో ఓణీల ఫంక్షనో మొత్తంగా ఒప్పుకుంటాడు.

ఈ పనిలో కష్టం పొగడదగ్గది కాదు. రాత్రికి దక్కేది వందల్లోనే, అదీ చేతికి రావడానికి రెండు వారాలు తిప్పించుకునేవాళ్లున్నారు. అందరూ తిన్నాక మిగిలింది తినాలి. మర్నాడు మొదటి క్లాసులో నిద్ర. గుమ్మంలో పన్నీరు చల్లే, సభల్లో రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర కూర్చునే అమ్మాయిలు అర్ధరాత్రి ఇల్లు చేరేదెలాగో చాలామంది నిర్వాహకులు ఆలోచించనే ఆలోచించరు. ఆలోచించనివాడు ఎంత అందంగా మండపం కట్టినా నా దృష్టిలో ప్లానర్ కాడు.

కాలేజీ ఫెస్టులు ఇంకో బడి. ఐఐటీ బొంబాయిలో మూడ్ ఇండిగో 1971లో మొదలైంది, వరంగల్ ఎన్ఐటీకి స్ప్రింగ్ స్ప్రీ ఉంది. అక్కడ కోఆర్డినేటర్‌గా చేసినవాళ్లు ఆ సంగతి రెజ్యూమెలో పైవరసలోనే రాసుకుంటారు. క్యాటరింగ్‌కి పోయినవాడు దాచుకుంటాడు. నన్నడిగితే రెండోవాడి చెయ్యే గట్టిది. ఫెస్టులో బ్యాండు గంట ఆలస్యమైతే ప్రేక్షకులు కేకలేసి నవ్వుకుంటారు. వియ్యాలవారు నవ్వరు.

జనం కదలికను ముందే పట్టగలగడం పెళ్లిళ్లకే పనికొచ్చే విద్య కూడా కాదు. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల మొదటి రోజే రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో జరిగిన తొక్కిసలాటలో 20 మందికి పైగా చనిపోయారు. ఒకే దారి, ఒకే వేళ, ఒకేచోట చేరిన జనం. గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో వస్తున్నాయి. ఘాట్‌లో వలంటీర్లుగా నిలబడే విద్యార్థుల్లో వరసలు నడిపించడం తెలిసినవాళ్లు కొందరైనా ఉండాలి.

ఈ విద్యను చదువులో కలపడానికి దారి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి డిగ్రీ చదువులో 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. దాన్ని ఎక్కడ చేయాలా అని విద్యార్థులు వెతుక్కోవడం, ఏదో ఒక సర్టిఫికెట్ తెచ్చి పడేయడం కొత్త విషయం కాదు. డిగ్రీ కాలేజీల ప్రిన్సిపాళ్లకు ఒక మనవి. మీ విద్యార్థుల్లో రాత్రిళ్లు క్యాటరింగ్‌కి వెళ్తున్నవాళ్లెవరో కనుక్కోండి. మంచి క్యాటరర్‌తోనో ఈవెంట్ సంస్థతోనో ఒప్పందం చేసుకుని, కూలి ఎంతో, పని గంటలెన్నో, ఇంటికి చేర్చే బాధ్యత ఎవరిదో కాగితం మీద రాయించి, ఆ పనినే ఇంటర్న్‌షిప్‌గా లెక్కకట్టండి.